పువ్వుకీ బట్టతలకీ మధ్య ఒక గీత

జూన్ 3

మరదలా,

ముందు క్షేమ సమాచారం. మీ అన్నయ్య క్షేమం, ఆయన నడుము మాత్రం క్షేమం కాదు. నేను బాగున్నాను. నువ్వు బాగున్నావని పోయిన ఉత్తరంలో నాలుగు పేజీలు రాశావు కాబట్టి మళ్ళీ అడగను.

పనిబడి రాస్తున్నాను. మన వీధి చివర గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడే, చిన్నప్పుడు నువ్వు ఆయన కొట్టు ముందు నిలబడి, "ఇక్కడ ఏ రెండు గడియారాలకీ పడదు" అని అరిచి పారిపోయేదానివట, ఆయన భార్య పోయింది. మూడు నెలలైంది. అదే కొట్టులో రెండో పక్క కుట్టుమిషన్ పెట్టుకుని కూర్చునే ఆవిడ. మోకాళ్ళ దాకా జుట్టు. ఒకసారి ఆ జడ మిషన్ చక్రంలో ఇరుక్కుంటే, కత్తెర ముట్టనివ్వకుండా ముసలాయన తన సన్న పట్టకారుతో పూటంతా కూర్చుని వెంట్రుక వెంట్రుకా విడదీశాడని మీ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

నిన్న ఆయన మా రాళ్ళ షెడ్డుకి వచ్చాడు. సమాధి రాయి కావాలన్నాడు. ఆయన మాట నీకు తెలిసిందే. కుర్రతనంలో ఎక్కడో దూరదేశం నుంచి వచ్చి మన భాష నేర్చుకున్నాడు గానీ, ఆడా మగా దగ్గర దారి తప్పాడు.

"నా భార్య చాలా మంచివాడు. వాడు నన్ను వదిలి పోయాడు," అన్నాడు.

మీ అన్నయ్య బకెట్ వెతుక్కునే నెపంతో బయటికి పోయి నవ్వుకొచ్చాడు. బకెట్ ఆయన చేతిలోనే ఉంది.

ముసలాయన ఒక కాగితం ఇచ్చాడు. మీద ఒక్క వాక్యం, కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. అంతా ఆయన సొంత భాషలోనే. అక్షరాలు జారుడుబల్ల మీద వదిలేసినట్టు కుడి నుంచి ఎడమకి వాలి దిగుతున్నాయి.

"ఇందులో ఏం రాసుంది?" అని అడిగాను.

"వాడికి తెలుసు," అన్నాడు. అంటే ఆవిడకి. ఇంక నేనేం అడుగుతాను?

ఈ లిపి నీ అరబ్బీయే. నువ్వు పోయినేడు పంపిన శుభాకాంక్షల కార్డు పక్కన పెట్టి చూశాను. కార్బన్ కాగితంతో నకలు తీసి పంపుతున్నాను. తప్పులేమైనా ఉంటే చెప్పు. ఫోటో తీసి పంపుదామంటే మీ అన్నయ్య ఫోన్ మీద రాయి పెట్టాడు, కావాలని కాదట. రాతి మీద రబ్బరు పనిచేయదు కాబట్టి నా భయం నాది. 'ప్రియమైన' అని చెక్కాల్సినచోట 'ప్రయమైన' అని చెక్కిన రాయి ఇప్పటికీ మా పెరట్లో కుళాయి కింద బట్టలు ఉతకడానికి పనికొస్తోంది. దానికి తోడు ఇంకోటి అక్కర్లేదు.

ఆగస్టు పదిన ఆవిడ పుట్టినరోజు. ఆ రోజు రాయి నిలబెట్టాలి. తొందరగా రాయి.

ఉలి పట్టుకుని నీకోసం కూర్చున్న
వదిన

జూన్ 13

రాళ్ళు కొట్టే వదినకి,

నీ ఉత్తరం అందినప్పుడు నేను పనిలో ఉన్నాను. నీకు తెలుసుగా, ఓడల మీద ఈ ఆస్పత్రికి వచ్చే అరబ్బు రోగులందరికీ నేనే నోరు. ఒకాయన కడుపునొప్పిని మన భాషలోకి మార్చేసి, చేతులు కడుక్కుని, నీ కాగితం విప్పాను.

వదినా, నువ్వు నన్ను అడిగి చాలా మంచిపని చేశావు. ఆ మనిషి తన భాష తానే మరిచిపోయాడు!

మొదటి అక్షరం కాఫ్, మన 'క'. దాని నెత్తిన ఏటవాలుగా ఒక్క గీత ఉండాలి. ఆయన రెండు గీశాడు. అరబ్బీలో ఉన్నవి ఇరవై ఎనిమిది అక్షరాలు, మూడేళ్ళు సాయంత్రం బడికి పోయి నేర్చుకున్నదాన్ని, అందులో రెండు గీతల జీవి ఏదీ లేదు. బతుకంతా గడియారాలు చూసీ చూసీ, ఒక ముల్లుంటే పక్కన ఇంకో ముల్లు ఉండాలనుకున్నాడేమో. ఆ రెండో గీత తీసెయ్. అప్పుడు మొదటి రెండు మాటలూ 'కుల్ మన్' అవుతాయి. అంటే 'ఎవరెవరైతే' అని. మూడో మాట ఏ నిఘంటువులోనూ లేదు, ఆయన ఊరిపేరు కాబోలు. 'ఎవరెవరైతే ఫలానా ఊరు...' అని ఎత్తుకుని, దుఃఖంలో మిగతాది వదిలేశాడు. దాన్ని నేను పూర్తిచేయను. ఆయన దుఃఖం ఆయనది.

అంకెల్లోనూ అంతే. నాలుగు ఇలా ఉండదు. ఐదు సున్నాలా గుండ్రంగా ఉండాలి, ఆయన తలకిందులైన గుండెకాయ వేశాడు. సరైనవి వేరే కాగితం మీద గీసి పెట్టాను. అక్షరాలు అలా వాలిపోతున్నాయంటే చెయ్యి వణికి ఉంటుంది. నిటారుగా నిలబెట్టు.

ఆయనకి భాష రాదనడానికి ఇంకో రుజువు ఉంది. భార్యని 'వాడు' అంటాడని రాశావు. అరబ్బీలో 'నువ్వు' అనడానికి కూడా ఆడవాళ్ళకి ఒక మాట, మగవాళ్ళకి ఒక మాట. అలాంటి భాషలో పుట్టినవాడు ఇలా మాట్లాడతాడా? అరబ్బీ ఎంత పద్ధతైన భాషో నీకు తెలీదు. మూడు హల్లులు పట్టుకుంటే చాలు, చెట్టు మొలుస్తుంది. క-త-బ పట్టుకో. కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తబ్ రాసుకునే చోటు. మన భాషలో ఇలా ఏదైనా పట్టుకుంటే ఊడిపోతుంది.

ఆయనకి ఒక ఓదార్పు కార్డు జత చేశాను. ఆవిడ జుట్టు గురించి నువ్వు రాసింది చదివి కళ్ళు చెమర్చాయి. అందుకని నాలుగు వాక్యాల్లో ఒకటి జుట్టుకే ఇచ్చాను. 'కథీఫ్' అని మంచి మాట వేశాను, దట్టమైనది అని అర్థం. అడవికీ పొగమంచుకీ వాడతారు. చదివి ముసలాయన కరిగిపోకపోతే నన్నడుగు.

అన్నయ్య నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టు. నీ ఉలికి నా ఆశీస్సులు.

దుబాసీ మరదలు

జూన్ 27

దుబాసీ గారికి,

చెక్కేశాను! నల్లరాయి, అద్దంలా వచ్చింది. మీ అన్నయ్య మూడు రోజులు సానబట్టి, ఆ రాయిలో ముఖం చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. నువ్వన్నట్టే రెండో గీత తీసేశాను, వాలిన అక్షరాలన్నిటినీ వెన్ను తట్టి నిలబెట్టాను, నీ నాలుగు, నీ ఐదు పెట్టాను. రెండో గీత ఉండాల్సిన చోటు పైన ఖాళీగా బోసిగా అనిపించింది గానీ, చదువుకున్నదానివి నువ్వు.

ముసలాయనకి జ్వరమొచ్చి పది రోజులు మంచం దిగలేదు. అందుకని ఆయనకి చూపించకుండానే పని మొదలెట్టాను. లేచేసరికి రాయి సిద్ధంగా ఉంటే సంతోషిస్తాడని నా ఆశ. నిన్న కొట్టు తెరిచాడని తెలిసి నీ కార్డు పట్టుకెళ్ళాను.

కంటికి పెట్టుకునే ఆ చిన్న అద్దంతోనే చదివాడు. మొదటి వాక్యం తల ఊపుకుంటూ మెల్లిగా దాటాడు. రెండోదాంట్లో ఒక మాట దగ్గర వేలు ఆగిపోయింది. అద్దం తీసేసి, మామూలు కళ్ళతో ఇంకోసారి చూశాడు.

"ఇది ఎవరు రాశాడు?"

"మా ఆడపడుచు. పెద్ద చదువు చదివింది," అన్నాను.

"వాడు నా భార్యను చూశాడా?"

"ఎందుకు చూళ్ళేదు! చిన్నప్పుడు రోజూ చూసేది. ఆవిడ జుట్టు గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు," అన్నాను.

ఆయన ముఖం ఎలా మారిందో ఏం చెప్పను! లేచి, నన్ను దాటుకుని, పొద్దున్న పదకొండింటికే తలుపు రేకు కిందికి లాగేశాడు. నేను లోపలున్నానో బయటున్నానో కూడా చూసుకోలేదు. బయటే ఉన్నాను, లేకపోతే ఈ ఉత్తరం ఆలస్యమయ్యేది. కన్నీళ్ళు ఎవరికీ కనపడకూడదనుకున్నాడు, పాపం. నాలుగు వాక్యాలతో ఒక మనిషిని అంత కదిలించావంటే, ఏమోలే అనుకున్నాను గానీ, నీ చదువు చదువేనే.

రేపో ఎల్లుండో రాయి చూడ్డానికి వస్తాడు. వీధిలో అందరికీ చెప్పాను.

నీ గొప్ప చెప్పుకుని బతుకుతున్న
వదిన

జూలై 5

వదినా,

నీ ఉత్తరం కౌంటర్లో నలుగురికీ చదివి వినిపించాను. ఇంకో మంచి వార్త. ఆస్పత్రిలో పెద్ద దుబాసీ ఉద్యోగం ఖాళీ అయింది. ఈ నెల ఇరవై నాలుగున పరీక్ష. ముగ్గురు పెద్దలు కూర్చుని కాగితాలు ఇచ్చి చదివిస్తారట. సమాధి రాతలు కూడా సరిదిద్దానని దరఖాస్తులో రాశాను.

ఈ మధ్య ద్వివచనం మీద పడ్డాను. అరబ్బీలో ఒకరికి ఒక మాట, చాలామందికి ఒక మాట, మధ్యలో సరిగ్గా ఇద్దరికి ఇంకో మాట. నువ్వూ అన్నయ్యా పోట్లాడుకుంటుంటే చెప్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఒక్క చిన్న కోరిక. రాయి వెనకవైపు, గడ్డిలో కలిసిపోయే చోట, ఎవరికీ కనపడకుండా, చిన్నగా 'అక్షరాలు సరిచూసినది' అని నా పేరు చెక్కకూడదూ? ఆయన కాదనడు. నా కార్డుకే అంత కరిగిన మనిషి.

పరీక్షకి సిద్ధమవుతున్న
మరదలు

జూలై 13

నీ కోరిక అందింది. రాయి వెనక కాదు, ముందే చెక్కుతాను నీ పేరు. వీధిలో జనం ఎవర్ని తిట్టాలో తెలియక నన్ను తిడుతున్నారు.

అది అరబ్బీ కాదే! ఫార్సీ!

లిపి అరబ్బులది తీసుకున్నారట, భాష మాత్రం వేరేదట. ఎంత వేరంటే, మన తెలుగు ఉత్తరం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, అది చూసి ఎవరైనా ఇంగ్లీషే అంటే ఎలా ఉంటుందో అంత. నాకు ఇదంతా ఎలా తెలిసిందో విను. నిలబడి విను.

జూలై మొదటి రోజున ముసలాయన షెడ్డుకి వచ్చాడు. నేను గొప్పగా గుడ్డ లాగాను. ఆయన చూశాడు. పెదవులు కదిపి చదివాడు. తర్వాత నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగాడు, "గీత ఏదీ?"

"ఏ గీత? ఎక్కువైనది తీసేశాం," అన్నాను. తీసేశాం! నీతో కలిపి చెప్పాను చూడు, నా బుద్ధి.

వాళ్ళకి అరబ్బుల ఇరవై ఎనిమిది చాల్లేదట. అరబ్బులకి లేని శబ్దాలు నాలుగు, మన 'ప', 'చ', 'గ', ఇంకోటేదో నా నోటికి రానిది, వీళ్ళ నోట్లో ఉన్నాయి. అందుకని ఉన్న అక్షరాలకే చుక్కలూ గీతలూ తగిలించి నాలుగు కొత్తవి చేసుకున్నారు. 'క' మీద ఇంకో గీత గీస్తే 'గ'. నువ్వు గడియారం ముల్లు అన్నావే, అది ఆ గీత. ఆయన రాసింది 'గోలె మన్ ఈన్‌జాస్త్'. గోల్ అంటే పువ్వు. మన్ అంటే నేను. మధ్యలో 'ఎ' పలుకుతారు గానీ రాయరు. నా పువ్వు ఇక్కడ ఉంది. అదీ వాక్యం. ఎవరెవరైతేలూ లేవు, ఊరూ లేదు.

పొట్టి అచ్చులు రాయరు కాబట్టి, గీత తీసేస్తే గోల్ కాస్తా కల్ అయింది. ఫార్సీలో కల్ అంటే ఏంటో తెలుసా? బట్టతల.

'నా బట్టతల ఇక్కడ ఉంది.' నల్లరాయి మీద. అద్దంలా.

అక్కడితో అయిపోలేదు. నీ కార్డు జేబులోంచి తీశాడు. నీ దట్టమైన మాట, కథీఫ్, వాళ్ళు కూడా అరబ్బుల దగ్గర తెచ్చుకున్నారట, అవే అక్షరాలు. కాకపోతే దారిలో దాని అర్థం మారిపోయింది. వాళ్ళు కసీఫ్ అని పలుకుతారు. మురికి అని అర్థం. కార్డులో మిగతాది ఆయనకి సగమే తెలిసింది, ఆ ఒక్క మాట మాత్రం బాగా తెలిసింది. పైగా నేను పక్కన నిలబడి, 'చిన్నప్పుడు రోజూ చూసేది, మా ఇంట్లో అందరికీ తెలుసు' అని సాక్ష్యం చెప్పాను!

ముసలాయన రాయి మీద చెయ్యి పెట్టి అన్నాడు, "ముందు మీ వాడు నా భార్య జుట్టు మురికి అన్నాడు. తర్వాత ఆ జుట్టు మొత్తం తీసేశాడు."

మరదలా, నిజం చెప్పేస్తున్నాను. నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని పళ్ళు బిగబట్టాను, ముక్కులోంచి వచ్చేసింది. భార్య పోయిన మనిషి ముందు, ఆయన రాయి పక్కన నిలబడి, నవ్వాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రాయి వద్దు," అని వెళ్ళిపోయాడు. బట్టతలా మురికీ ఆ రోజే చెప్పాడు, మిగతా సంగతులన్నీ మర్నాడు నేను కొట్టుకెళ్ళి బతిమాలితే, తల ఎత్తకుండా, ఒక గడియారానికి చెప్తున్నట్టు చెప్పాడు. కొత్త రాయి చెక్కి ఇస్తానన్నాను. వద్దన్నాడు. ఇంకో చోట చేయించుకోమన్నాను. అసలు రాయే వద్దన్నాడు.

ఇంకో మాట. ఫార్సీలో 'అతను'కీ 'ఆమె'కీ ఒకటే మాటట, 'ఊ'. అందుకే ఆయనకి అందరూ వాడే. భాష రాక కాదు, ఆయన భాషలో ఆ గొడవే లేదు. నలభై ఏళ్ళుగా వీధి వీధంతా దానికి నవ్వుతున్నాం. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు, కాబట్టి కోపం సగమే పడుతున్నాను.

ఆ సగం మాత్రం గట్టిగా పడుతున్నాను.

వదిన

జూలై 27

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలెట్టి చింపాను. మొదటిదాంట్లో తప్పంతా అరబ్బులదని రాశాను. రెండోదాంట్లో నీదని. ఇందులో నిజం రాస్తున్నాను.

నేను దుబాసీని కాదు. చీటీల కౌంటర్లో కూర్చుంటాను. రోగి పేరు, వయసు, ఎక్కడ నొప్పి, ఈ మూడూ అరబ్బీలో అడిగి రాసుకుంటాను. నాలుగోది అడిగితే దుబాసీని పిలుస్తాను. కడుపునొప్పిని మన భాషలోకి మార్చానని రాశాను కదా, ఆయన కడుపు పట్టుకుని చూపించాడు.

నీ ఉత్తరం రాగానే, ఆస్పత్రి రిజిస్టర్లకి అట్టలు కుట్టే ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయనకి రెండు భాషలూ వచ్చు. బట్టతల సంగతి చెబితే, డబ్బాలో జిగురు ఎండిపోయేదాకా నవ్వాడు. తర్వాత కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. వదినా, మనం తప్పు ఇంటి తలుపు కొట్టాం. లిపి చూసి అరబ్బీకి చుట్టం అనుకున్నాను, ఫార్సీ మన వైపు మాటలకి చుట్టమట. పంజ్, హఫ్త్, హష్త్, నొహ్, దహ్ అని లెక్కపెట్టాడు. పంచ, సప్త, అష్ట, నవ, దశ! నామ్ అంటే పేరు, బరాదర్ అంటే భ్రాత. అరబ్బీలో క్రియ ముందు తోసుకొస్తుంది, 'తాగుతాను నీళ్ళు' అన్నట్టు. ఫార్సీలో మనలాగే బుద్ధిగా చివర కూర్చుంటుంది. మన్ ఆబ్ మీఖోరమ్, నేను నీళ్ళు తాగుతాను. అదే వరస. అరబ్బీలో 'మన్' అంటే ఎవరు, ఫార్సీలో 'మన్' అంటే నేను. ఆయన 'నేను' అని రాస్తే నేను 'ఎవరు' అని చదివాను.

అరబ్బీ మాటలు బోలెడు తెచ్చుకున్నారు, తెచ్చుకున్నవాటి అక్షరాలు అలాగే ఉంచారు, పలకడం మాత్రం తమ ఇష్టం. 'జ'లాంటి శబ్దానికి నాలుగు అక్షరాలున్నాయట, నాలుగూ ఒకేలా పలుకుతారు. మన శ, ష, సలతో అన్నయ్య పడే అవస్థ గుర్తొచ్చింది.

పరీక్ష సంగతి కూడా చెప్పి సిగ్గు పూర్తిచేసుకుంటాను. ముగ్గురు పెద్దలు ఒక పాత ఉత్తరం చేతిలో పెట్టారు. అక్షరాలన్నీ వాలి జారుతున్నాయి, అచ్చం ముసలాయన కాగితంలా. ఈసారి మోసపోకూడదనుకున్నాను. ఛాతీ ముందుకు పెట్టి, "అయ్యా, ఇది ఫార్సీ. నాకు రాదు. రానిది రాదని చెప్పడమే దుబాసీకి మొదటి లక్షణం," అన్నాను.

మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, ఈ వాలు చేతిరాత పేరు ఫార్సీయే. భాష మాత్రం అరబ్బీ. మీ చీటీల్లో రోజూ రాసే మాటలే," అన్నాడు. ఆ నాలుగు కొత్త అక్షరాల్లో ఒక్కటైనా ఉందేమో చూడాలన్న తెలివి నాకు బయటికొచ్చాక వచ్చింది. ఉద్యోగం రాలేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు, మొదటి లక్షణం మాత్రం బాగుందన్నారు.

ముసలాయనకి ఒక ఉత్తరం జత చేశాను. తెలుగులోనే రాశాను, ఏదీ దాచలేదు. నువ్వే చదివి వినిపించు. చివర ఒక్క మాట ఫార్సీలో, 'క్షమించండి' అని. అట్టలాయన నోట విని నేనే రాసుకున్నాను. ఆయనకి చూపించలేదు, మళ్ళీ జిగురు ఎండుతుందని.

నీ మిగతా సగం కోపం కూడా పంపించెయ్. తీసుకుంటాను.

చీటీల మరదలు

ఆగస్టు 12

చీటీల మరదలికి,

కోపం లేదు, అయిపోయింది. కుదురుగా కూర్చుని చదువు.

నీ ఉత్తరం నాలుగో తారీకున వచ్చింది. ముసలాయన కొట్టుకి వెళ్తే తల ఎత్తలేదు. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే చదవడం మొదలెట్టాను. చీటీల కౌంటరు, కడుపు పట్టుకున్నాయన, పరీక్షలో పెద్దమనిషి, అన్నీ చదివాను. 'నేను మీ ఆవిడ జుట్టు దట్టమైనదని రాయబోయాను. ఆ జుట్టు చూసి కుళ్ళుకుని చిన్నప్పుడు నా జడలో అమ్మ పాత నల్లచీర చింపి కలుపుకున్నాను' అని రాశావే, అక్కడ ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

చివరి మాట నాకు చదవడం రాదు కాబట్టి కాగితం ఆయన ముందు పెట్టాను. చూశాడు. కంటికి అద్దం పెట్టుకుని చూశాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. అయ్యో, మళ్ళీ ఏం తిట్టిందిరా భగవంతుడా అని నేను లేచి నిలబడ్డాను.

ఏడవడం కాదే, నవ్వుతున్నాడు! 'బెబఖ్షీద్' అని రాయాలట. 'బ'కి కింద ఒక్క చుక్క. నువ్వు ఈసారి ఏదీ తక్కువ చేయకూడదని రెండు 'బ'లకీ మూడేసి చుక్కలు పెట్టావు. మూడు చుక్కలు పెడితే 'ప'. 'పెపఖ్షీద్' అయింది. "పెపఖ్షీద్! పెపఖ్షీద్!" అని పక్క కొట్టువాడు తొంగిచూసేదాకా నవ్వాడు. ఈసారి నవ్వడానికి నాకూ అనుమతి దొరికింది. కళ్ళు తుడుచుకుని అన్నాడు, "ఇంత కష్టపడి తప్పు రాసేవాడు చెడ్డవాడు కాదు."

నా ఆడపడుచు చెడ్డవాడు కాదని వీధి మొత్తానికి చెప్పేశాను.

ఆ ఊపులోనే అడిగాను, కొత్త రాయి చెక్కుతాను ఒప్పుకోండి అని. ఆయన తల అడ్డంగా ఊపి, లేచి, కొట్టుకి తాళం వేసి నాతో షెడ్డుకి వచ్చాడు. గుడ్డ తీయించి, ఆ బోసి 'క' మీద వేలు పెట్టి ఏటవాలుగా గీశాడు. "గీత తీయడం కష్టం. పెట్టడం కష్టమా?" అన్నాడు.

చూడు, ముప్పై ఏళ్ళుగా రాళ్ళు కొడుతున్నాను. కొత్త రాయి, కొత్త రాయి అని నెలరోజులుగా ఏడుస్తున్నాను గానీ, ఇంకో గీత చెక్కితే సరిపోతుందన్న ముక్క నాకు తట్టలేదు. పైన చోటు కూడా ఉంది.

"నేను చెక్కుతాను," అన్నాడు ఆయన. చిన్న చిన్న మరలు తిప్పే చేతులు, సుత్తి బరువుకి మణికట్టు వాలిపోయింది. ఉలి నేను పట్టుకున్నాను, దెబ్బలు ఆయన వేశాడు. రాయి కదలకుండా మీ అన్నయ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఏడు దెబ్బలు. ఆరోది నా బొటనవేలి మీద పడింది, నల్లగా ఉంది, మానిపోతుంది. గీత నీ చీటీల్లో గీతలా తిన్నగా లేదు, కొంచెం వంగింది. మీ అన్నయ్య సానరాయి తేబోతే ముసలాయన ఆపేశాడు.

"మరి అంకెలు? అవి అరబ్బు నాలుగూ ఐదూ," అన్నాను.

"ఉండనీ. నా భార్య వాళ్ళూ వీళ్ళూ అనకుండా అందరి బట్టలూ కుట్టాడు," అన్నాడు.

మొన్న పదో తారీకు పొద్దున్నే రాయి నిలబెట్టాం. నేనూ మీ అన్నయ్యా సిమెంటు సర్ది, చుట్టూ మట్టి తొక్కి, పనిముట్లు కడుక్కుంటున్నాం. పక్క వరసలో ఎవరో పెద్దావిడ నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చింది, మొగుడి సమాధి కాబోలు. కొత్త రాయి చూసి ఆగింది.

"ఏం రాసుంది బాబూ దాని మీద?" అని అడిగింది.

నాకు చెప్పనివాడు, వాడికి తెలుసు అని నోరు మూయించినవాడు, ఆవిడ వైపు తిరిగి మన భాషలో, "నా పువ్వు ఇక్కడ ఉంది," అన్నాడు.

"ఎలా ఉండేదేంటి మీ ఆవిడ?" అంది, చెంబు కింద పెట్టి.

ముసలాయన సమాధి గట్టు మీద కూర్చున్నాడు. చెప్పడం మొదలెట్టాడు. వాడు ఇలా నవ్వేవాడు, వాడికి నిమ్మకాయ వాసన పడేది కాదు, వాడు గుండీ కుట్టాక దారం పళ్ళతో తెంపేవాడు. ఆ పెద్దావిడ ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా, ఊ కొడుతూ పక్కనే చతికిలబడింది. ఐదు నెలలుగా ఆవిడ గురించి ఆయన నోట పది మాటలు విన్నవాళ్ళు లేరు.

మేం పనిముట్ల సంచి సర్దుకుని చప్పుడు చేయకుండా గేటు దాకా వచ్చేశాం. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాలి కదా అని అక్కడే నిలబడ్డాం. గంటయింది. మీ అన్నయ్య నడుము పట్టుకుని, "పిలవనా?" అన్నాడు.

"నోర్మూసుకుని నిలబడు," అన్నాను.

నీ
వదిన